పని వచ్చు, చెప్పుకోవడం రావట్లేదు: నైపుణ్యాలను రెజ్యూమెలో, ఇంటర్వ్యూలో ఎలా చూపించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: అకౌంట్స్‌లో నాలుగేళ్ల అనుభవం ఉంది, పని బాగా వచ్చు. అయినా అప్లై చేసిన చాలా చోట్ల నుంచి పిలుపు రావట్లేదు. వచ్చిన చోట "మీ స్ట్రెంగ్త్స్ ఏమిటి?" అనగానే టెన్షన్‌తో మాట తడబడుతోంది. మీకంటే తక్కువ తెలిసినవాళ్లకు ఉద్యోగాలు వస్తుంటే బాధగా ఉంది.

నేను కొన్నేళ్లుగా మా ఆఫీసులో ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటున్నాను. బల్లకు అటువైపు నుంచి చూసినదే చెబుతాను.

ఒకసారి అకౌంట్స్ పోస్టుకు ఒకమ్మాయి వచ్చింది. రెజ్యూమెలో ఎక్సెల్, మంచి కమ్యూనికేషన్, టీమ్ ప్లేయర్, కష్టపడే తత్వం అని వరసగా ఉన్నాయి. ఆ రోజు మా ముందున్న రెజ్యూమెల్లో చాలావాటిలో ఇవే మాటలు. ఏం అడిగినా ముక్తసరిగా జవాబు చెబుతోంది. మా ప్యానెల్‌లో సీనియర్ మేడమ్ ఒకరు కాగితం పక్కన పెట్టేసి, "పోయిన నెలాఖరులో నీ టేబుల్ మీద ఏ పని ఉందో అది చెప్పమ్మా" అన్నారు. అక్కడి నుంచి ఆ అమ్మాయి గొంతే మారిపోయింది.

సప్లయర్లకు కట్టిన డబ్బును బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూస్తుంటే, ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లించినట్టు కనిపించిందట. బిల్లు నంబరు ఒకచోట మధ్యలో చిన్న గీతతో ఎక్కింది, ఇంకోచోట గీత లేకుండా ఎక్కింది. అందుకని సాఫ్ట్‌వేర్ వాటిని రెండు వేరు బిల్లులనుకుంది. ఈ అమ్మాయి ఎక్సెల్‌లో గీతలు, ఖాళీలు తీసేసి ఏడాది బిల్లులన్నీ మళ్లీ పోల్చి చూసింది. అలాంటివే ఇంకొన్ని బయటపడ్డాయి. సప్లయర్లతో మాట్లాడి, గొడవ లేకుండా ఆ మొత్తాలను తర్వాతి బిల్లుల్లో సర్దుబాటు చేయించింది. ఎక్సెల్ వచ్చా, శ్రద్ధ ఉందా, మనుషులతో మాట్లాడగలదా అని మేం వేరే అడగాల్సిన అవసరమే రాలేదు. మరి ఇదంతా రెజ్యూమెలో ఎందుకు రాయలేదని అడిగితే, "అది నా డ్యూటీయే కదండీ" అంది. ఆమెను తీసుకున్నాం. కానీ ఆ ఒక్క ప్రశ్న అడిగేవాళ్లు లేకపోతే తీసుకునేవాళ్లం కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మీ విషయంలోనూ జరుగుతున్నది ఇదే అయివుండొచ్చు. రోజూ చేసే పని కాబట్టి అది మీకు గొప్పగా కనిపించదు. చెబితే సొంత డబ్బా కొట్టుకున్నట్టు ఉంటుందన్న మొహమాటం దానికి తోడు. నేను చాలా కష్టజీవిని, పర్ఫెక్షనిస్టుని అంటే డబ్బాలాగే వినిపిస్తుంది, నిజమే. జరిగిన పని జరిగినట్టు చెబితే అది సమాచారం. దానికి మొహమాటపడాల్సిన పని లేదు.

కాబట్టి "ఎక్సెల్ బాగా వచ్చు" అన్న లైను తీసేసి, "సప్లయర్ చెల్లింపులను బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సరిచూసి, డూప్లికేట్ చెల్లింపులు గుర్తించి, ఆ మొత్తం తిరిగి రాబట్టాను" అన్నట్టు రాయండి. ఎంత మొత్తమో, ఎన్ని బిల్లులో అంకె తెలిస్తే తప్పకుండా చేర్చండి. కంపెనీ లెక్కలు బయటపెట్టకూడదంటే పని పరిమాణం చెప్పినా చాలు: నెలకు సుమారు ఎన్ని బిల్లులు చూస్తారు, రెండు రోజులు పట్టే పని ఒక పూటకు వచ్చిందా, ఇలా. లేని అంకె మాత్రం సృష్టించొద్దు. ఆ అంకె దగ్గరే మేం "ఎలా లెక్కేశారు?" అని అడుగుతాం.

చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదనిపిస్తే, మీరు పంపిన పాత మెయిల్స్ ఒకసారి తిరగేయండి. పక్క సీట్లవాళ్లు ఏ పనికి మీ దగ్గరకే వస్తారో గుర్తు చేసుకోండి. మీరు సెలవు పెట్టిన రోజు ఏ పని ఆగిపోతుందో చూడండి. సరుకంతా అక్కడే ఉంటుంది. చదువు ఇప్పుడే పూర్తయినవాళ్లయితే కాలేజీ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, ఎవరికైనా లెక్కలు చూసిపెట్టిన అనుభవం కూడా పనికొస్తాయి.

ఆ తర్వాత ఉద్యోగ ప్రకటన పక్కన పెట్టుకుని, వాళ్లు అడిగిన పనికి దగ్గరగా ఉన్నవాటిని మొదటి పేజీ పైభాగానికి తీసుకురండి. ల్యాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైటు 2018లో రిక్రూటర్ల కంటిచూపును గమనించి చూస్తే, ఒక్కో రెజ్యూమె మీద తొలి చూపు సగటున 7.4 సెకన్లే నిలిచింది. మీ మంచి పని రెండో పేజీ చివర ఉంటే ఆ చూపు అక్కడిదాకా వెళ్లదు. అన్ని ఉద్యోగాలకూ ఒకటే రెజ్యూమె పంపొద్దని నేను పట్టుబట్టేది ఇందుకే.

రెజ్యూమెలను కంపెనీ సాఫ్ట్‌వేరే చెత్తబుట్టలో వేసేస్తుందని చాలామంది భయపడతారు. ఏటీఎస్ అనే ఆ సాఫ్ట్‌వేర్ ప్రధానంగా దరఖాస్తులను భద్రపరిచి, రిక్రూటర్ వెతికినప్పుడు తీసి చూపిస్తుంది. అనుభవం ఎన్నేళ్లు అనేలాంటి ఫారం ప్రశ్నలకు ఇచ్చే జవాబుల మీద మాత్రం వడపోత ఉండొచ్చు. రిక్రూటర్ వెతికినప్పుడు మీ రెజ్యూమె కనిపించాలంటే ప్రకటనలో వాడిన పదాలే, మీకు నిజంగా వచ్చినవైతే, మీరూ వాడండి. రెండు కాలమ్‌ల డిజైన్లు, టేబుళ్లు, బొమ్మలు వద్దు. వాటిలోని అక్షరాలను కొన్ని సాఫ్ట్‌వేర్లు సరిగా చదవలేవు.

ఇక ఇంటర్వ్యూ. స్టార్ పద్ధతి అని వినే ఉంటారు: పరిస్థితి, మీకు అప్పజెప్పిన పని, మీరు చేసింది, వచ్చిన ఫలితం. పద్ధతి మంచిదే కానీ చాలామంది పరిస్థితి వివరించడంలోనే సమయమంతా గడిపేస్తారు. మా కంపెనీ ఇలాంటిది, అప్పట్లో మేనేజర్ మారారు అంటూ. దాన్ని రెండు వాక్యాల్లో ముగించి, మీరు ఏం గమనించారు, ఎందుకు ఆ దారి ఎంచుకున్నారు అన్నదగ్గర నిదానించండి. టీమ్ అంతా కలిసి చేసిన పనైతే అందులో మీ వాటా ఎంతో విడిగా చెప్పండి. "మేం చేశాం, మేం చూశాం" అంటూ పోతే మీరేం చేశారో మాకు తెలియకుండానే ఇంటర్వ్యూ అయిపోతుంది. ఇలాంటి అనుభవాలు మూడు నాలుగు సిద్ధం చేసుకుని, ఇంట్లో ఎవరికైనా పైకి చెప్పి చూడండి. బట్టీ పట్టొద్దు. మధ్యలో ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే బట్టీ పట్టింది తెగిపోతుంది.

వాళ్లు అడిగిన టూల్ మీరు వాడి ఉండకపోతే, వాడలేదనే చెప్పండి. దానికి దగ్గరగా ఉన్నది ఏది వాడారో, దాన్ని ఎలా నేర్చుకున్నారో వెంటనే చెప్పండి. అలా చెప్పినందుకు మా ప్యానెల్‌లో ఎవరికీ మార్కులు తగ్గించిన గుర్తు నాకు లేదు. వచ్చని రాసి, రెండో ప్రశ్నకే ఆగిపోయినవాళ్ల విషయంలో మాత్రం మిగతా రెజ్యూమె అంతా అనుమానంగానే చదివాం.