వెండర్లు కార్బన్ లెక్క ఎందుకు ఇవ్వరు?

ప్రశ్న: నమస్తే సార్. మాది హిందూపురం. బెంగళూరు పీణ్యలో పంపులు తయారుచేసే కంపెనీలో పర్చేజ్ చూస్తున్నాను. మా సరుకు కొనే పెద్ద కంపెనీ మా కార్బన్ ఉద్గారాలతో పాటు మా సప్లయర్లవి కూడా చెప్పమంది, తగ్గించమంది. వెండర్లందరికీ ఎక్సెల్ ఫారం పంపాను. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లు ఏదో ఒక అంకె వేశారని చూడగానే తెలుస్తోంది. పైనుంచి ఒత్తిడి, ఒకటే టెన్షన్. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, బెంగళూరు

జవాబు: నేనూ పీణ్యలోనే ఏళ్ల తరబడి వెండర్ డెవలప్‌మెంట్ చూశాను. కరెంటు బిల్లు చూపించమంటే షాపు ఓనర్ మనసులో మెదిలేది ఒకటే: ‘ఇది పట్టుకుని రేపు రేటు తగ్గించమంటారు.’ ఆ భయం న్యాయమైనదే. అందుకని ఈ లెక్కలు బేరానికి వాడబోమని, ఆదా అయిన డబ్బు వెండర్‌దేనని మీ యాజమాన్యం చేత రాతపూర్వకంగా ఇప్పించండి. ఆ కాగితం చేతిలో లేకుండా వెళ్లకండి.

ఫారం పక్కన పెట్టేయండి. చిన్న మెషిన్ షాపుకు ఏడాది కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ రసీదులు ఉంటే మొదటి లెక్క వచ్చేస్తుంది. యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోలు, లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఆ గుణకారం మీరే చేసిపెట్టండి.

షాపుకు భోజనాల వేళ వెళ్లండి. మెషిన్లన్నీ ఆగి ఉంటాయి కానీ వాటికి గాలిని ఒత్తిడితో పంపే కంప్రెసర్ మాత్రం ఉండుండి లోడ్ తీసుకుంటుంది, అంటే మళ్లీ గాలి నింపుతుంది. వాచీ పెట్టి చూడండి. పది నిమిషాల్లో మూడు నిమిషాలు లోడ్ మీద నడిచిందంటే, అది ఇవ్వగల గాలిలో 30 శాతం లీకులకే పోతున్నట్టు. సబ్బు నీళ్లు రాస్తే ఏ జాయింటో, ఏ పైపో దొరికిపోతుంది. ప్రెషర్ అవసరానికి మించి పెట్టి ఉంటే ఒక్క బార్ తగ్గించినా కంప్రెసర్ కరెంటు సుమారు 6-7 శాతం తగ్గుతుంది.

అసలు విషయం మీ ఆఫీసులోనే ఉంది. వెండర్ కాల్చే కరెంటులో చాలా భాగం మీ డ్రాయింగూ మీ ఆర్డరూ నిర్ణయిస్తాయి. పంపులో బరువంతా పోతపనిది, కాబట్టి ముందు ఫౌండ్రీలతో కూర్చోండి, మిగతావాళ్లను తర్వాత చూద్దాం. ఇండక్షన్ ఫర్నేసులో టన్ను ఇనుము కరగడానికి 500 యూనిట్లకు పైనే పడుతుంది. పోతలో గాలి బుడగ (బ్లోహోల్) వచ్చి మీరు వెనక్కి పంపిన ప్రతి కేసింగూ (పంపు పైడొప్ప) మళ్లీ అదే ఫర్నేసులోకి వెళ్తుంది. మెషినింగ్ కోసం అయిదు మిల్లీమీటర్ల అదనపు మందం వదిలిన చోట మూడు చాలదా? ఈ ప్రశ్న మీ డిజైన్ ఇంజనీర్‌నూ ఫౌండ్రీ సూపర్‌వైజర్‌నూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి అడగండి. ఆ రెండు మిల్లీమీటర్లను ఒకరు కరిగించి పోస్తున్నారు, ఇంకొకరు చెక్కి పారేస్తున్నారు. నాకు నిజంగా బాధ కలిగించే వృథా ఇది.

‘అర్జెంట్’ ఆర్డర్లూ అంతే. నాలుగు షాఫ్టుల కోసం హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేసు సగం ఖాళీగా వేడెక్కుతుంది, టాటా ఏస్ సగం ఖాళీగా వస్తుంది. నెల ప్లాన్ ముందే ఇస్తే రెండూ నిండుతాయి.

ఇక డబ్బు. కొత్త కంప్రెసర్ కొనమని చెప్పే ముందు మీ పేమెంట్లు ఎన్ని రోజులకు వెళ్తున్నాయో చూసుకోండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. బాకీ పెట్టిన చోట కార్బన్ మాట ఎత్తితే ఎవరు వింటారు? రెండేళ్ల ఆర్డర్ చేతిలో ఉంటే ఆ కాగితం చూపి బ్యాంకు లోన్ అడగడానికి వాళ్లకూ ధైర్యం వస్తుంది.

మీ కస్టమర్‌కు పంపే రిపోర్టులో ఏది బిల్లు చూసి రాసిందో, ఏది అంచనాయో విడివిడిగా చూపించండి. సప్లయర్ల ఉద్గారాలకు అందరూ పాటించే జీహెచ్‌జీ (గ్రీన్‌హౌస్ గ్యాస్) ప్రోటోకాల్ స్కోప్ 3 ప్రమాణం కూడా సగటు అంకెలతో అంచనా వేయడాన్ని ఒప్పుకుంటుంది. ఈ ఏడాది రెండు ఫౌండ్రీల లెక్క బిల్లులతో సహా ఇవ్వండి, మిగతావి అంచనా అనే రాయండి.