5 వాట్లతో హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ: ఏ బ్యాండ్, ఏ వేళ, సూర్యుడు ఎలా ఉన్నప్పుడు

కొత్తగా వీయూ3 (మన దేశపు అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ వచ్చింది, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను, న్యూజెర్సీలో హామ్ (అమెచ్యూర్ రేడియో నడిపే వ్యక్తి) అయిన మా అన్నయ్యతో 5 వాట్ల సెట్టుతో మాట్లాడగలనా, సూర్యుడి మచ్చలకీ సిగ్నల్‌కీ నిజంగా సంబంధం ఉందా అని అడిగారు.

మాట్లాడగలరండీ. నేను కూకట్‌పల్లిలో టెర్రస్ మీద తీగ కట్టుకుని కొన్నేళ్లుగా 5 వాట్లతోనే నడుపుతున్నాను. అమెరికా తూర్పు తీరం అందింది. కాకపోతే నేను కోరుకున్న రోజున కాదు, సూర్యుడు ఒప్పుకున్న రోజున.

ముందు వాట్ల భయం వదిలేయండి. 100 వాట్లకీ 5 వాట్లకీ తేడా 13 డెసిబెల్స్. సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ మీద ఒక్కో గీత 6 డెసిబెల్స్ కాబట్టి, రెండు గీతల పైచిలుకు. అవతలి వాళ్లకి 100 వాట్ల స్టేషన్ ఎస్7లో వినిపిస్తుంటే మీరు ఎస్5కి కాస్త దిగువన ఉంటారు. చుట్టూ నాయిస్ తక్కువగా ఉంటే అది హాయిగా వినపడే సిగ్నలే. బ్యాండ్ (మనం వాడే ఫ్రీక్వెన్సీల వరస) మూసుకుపోయిన రోజున మాత్రం 400 వాట్లు పెట్టినా అటు చేరేది ఏమీ ఉండదు. అందుకే పవర్ పెంచే లీనియర్ యాంప్లిఫయర్ కొనాలని ఉందని ఎవరైనా అంటే, ముందు ఒక ఏడాది బ్యాండ్‌ని వినండి అంటాను.

ఇక మచ్చల సంగతి. సిగ్నల్‌ని వంచి తిరిగి నేలకు పంపేది ఎక్కువగా 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో ఉండే ఎఫ్2 అనే విద్యుదావేశపు పొర. దాన్ని తయారు చేసేది సూర్యుడి నుంచి వచ్చే తీవ్రమైన అతినీలలోహిత కిరణాలు. మచ్చల చుట్టూ ఉండే చురుకైన ప్రాంతాలు ఆ కిరణాలను ఎక్కువగా వెదజల్లుతాయి. మచ్చలు పెరిగితే ఆ పొర చిక్కబడి, 21, 28 మెగాహెర్ట్జ్ లాంటి ఎత్తు ఫ్రీక్వెన్సీలను కూడా వెనక్కి వంచగలుగుతుంది. లేకపోతే అవి పొరను చీల్చుకుని అంతరిక్షంలోకి పోతాయి.

తక్కువ పవర్ వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో పగలంతా డీ పొర ఉంటుంది, అది సిగ్నల్‌ని మింగుతుంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపైతే డెసిబెల్స్‌లో ఆ నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. న్యూజెర్సీ మనకి దాదాపు 13,000 కిలోమీటర్లు. నేల నుంచి పొరకు వెళ్లి తిరిగి నేలకు వచ్చే ఒక్కో గెంతు మహా అయితే 4,000 కిలోమీటర్లు, అంటే కనీసం నాలుగు గెంతులు. పగటి వైపు పడే ప్రతి గెంతులోనూ డీ పొరను రెండుసార్లు దాటాలి. 7 మెగాహెర్ట్జ్‌లో పగటిపూట మన 5 వాట్లు దారిలోనే అయిపోతాయి. 28లో పొర వంచితే చాలు, దాదాపు నష్టం లేకుండా చేరతాయి. ఈ 28 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌నే తరంగదైర్ఘ్యాన్ని బట్టి 10 మీటర్లు అంటాం, 14 మెగాహెర్ట్జ్‌ని 20 మీటర్లు అంటాం. బ్యాండ్ తెరిచి ఉన్నప్పుడు 10 మీటర్లంత ఉదారమైన బ్యాండ్ మరొకటి లేదు.

ఈ తేడా చెవులారా విన్నాను. మచ్చలు పెరిగి తగ్గే ఇప్పటి 25వ సౌర చక్రం 2019 డిసెంబర్‌లో, మచ్చలు బాగా తక్కువగా ఉన్నప్పుడు మొదలైంది. ఆ రోజుల్లో 10 మీటర్లు చాలాసార్లు పూర్తిగా ఖాళీ. సాయంత్రాలు మాత్రం దక్షిణం వైపు అప్పుడప్పుడు తెరుచుకుని హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి వినపడేది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది కాబట్టి మన నెత్తిన ఎఫ్ పొర ఐరోపా వాళ్ల కంటే చిక్కగా ఉంటుంది, పొద్దుగూకాక కూడా నిలబడుతుంది. అదే 2023 చివరి నుంచి చూస్తే మధ్యాహ్నం మొదలై రాత్రి దాకా ఐరోపా నిండుగా వచ్చేది, నా సీడబ్ల్యూకి (మోర్స్ కోడ్‌కి) ఒక్క పిలుపుతో జవాబు దొరికేది. మచ్చలు ఎక్కువగా ఉండే సోలార్ మాక్సిమమ్ దశకు చేరామని 2024 అక్టోబర్‌లో నాసా, అమెరికా వాతావరణ సంస్థ నోవా ప్రకటించాయి. శిఖరం దాటాక మచ్చలు తగ్గుతాయి, సూర్యుడి వల్ల భూమి అయస్కాంత క్షేత్రంలో రేగే అయస్కాంత తుపానులు మాత్రం అంత త్వరగా తగ్గవు.

మీ దారికి ఆ తుపానులే పెద్ద టెన్షన్. ఇక్కడి నుంచి న్యూజెర్సీకి దగ్గర దారి ఉత్తరంగా, అరోరా (ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే కాంతి) వెలిగే ప్రాంతం మీదుగా పోతుంది. సూర్యుడి మీద ఫ్లేర్ (హఠాత్తుగా వెలువడే శక్తి) పేలితే దాని ఎక్స్ కిరణాలు 8 నిమిషాల్లో చేరి, పగటి వైపు డీ పొరను ఒక్కసారిగా చిక్కబరుస్తాయి. బ్యాండ్ మొత్తం నిశ్శబ్దమైపోతుంది, సెట్టు పాడైందేమో అనిపిస్తుంది. గంటో రెండు గంటలో ఆగితే తిరిగొస్తుంది. సూర్యుడు విసిరిన పదార్థం ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత భూమిని తాకితే మాత్రం ఉత్తర దారి రోజుల తరబడి చెడుతుంది. 2024 మే 10న జీ5, అంటే అత్యంత తీవ్రమైన స్థాయి తుపాను వచ్చింది, 2003 తర్వాత అంతటిది అదే. లద్దాఖ్‌లోని హాన్లేలో అరోరా ఎర్రగా కనిపించింది. ఆ శని, ఆదివారాలు నాకు 20 మీటర్ల మీద ఐరోపా వినపడనే లేదు.

రోజూ చూడాల్సిన అంకెలు రెండే. ఒకటి సోలార్ ఫ్లక్స్, అంటే సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాల బలం. కెనడాలోని పెంటిక్టన్‌లో 10.7 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కొలుస్తారు. నా అనుభవంలో అది 150 పైన కొన్ని రోజులు వరుసగా నిలిస్తే 10 మీటర్ల మీద అమెరికాకి ఆశ పెట్టుకోవచ్చు, 100 లోపు ఉంటే 20 మీటర్లే దిక్కు. రెండోది కె ఇండెక్స్, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడి కొలత. 2 లోపు ఉంటే అన్నయ్యకి మెసేజ్ పెట్టండి, 5 దాటితే దక్షిణం వైపు వినండి. సూర్యుడు మన వైపు నుంచి చూస్తే దాదాపు 27 రోజులకు ఒకసారి తిరుగుతాడు కాబట్టి, బాగున్న రోజుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని 27 రోజుల తర్వాత మళ్లీ చూడండి.

అంకెల కంటే నమ్మదగినవి బీకన్లు, అంటే దారి తెరిచి ఉందో లేదో తెలిసేలా తమంతట తామే సిగ్నల్ పంపే స్టేషన్లు. 14.100, 18.110, 21.150, 24.930, 28.200 మెగాహెర్ట్జ్ మీద ప్రపంచవ్యాప్తంగా 18 బీకన్లు మూడు నిమిషాల చక్రంలో వంతులవారీగా పలుకుతాయి. మోర్స్‌లో కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), ఒక డ్యాష్ (పొడవాటి కూత) 100 వాట్లతో, తర్వాత డ్యాష్‌లు 10, 1, 0.1 వాట్లతో. శ్రీలంక 4ఎస్7బీ ఒక వాటు డ్యాష్ నాకు తరచుగా వినపడుతుంది. అన్ని బీకన్లూ అన్ని వేళలా పనిచేయవు గానీ, న్యూయార్క్‌లోని 4యూ1యూఎన్ పలుకుతున్న రోజున దాని 10 వాట్ల డ్యాష్ విన్నారంటే మీ దారి తెరిచి ఉన్నట్టే.

అన్నయ్య లైసెన్స్ ఏ క్లాసో అడగండి. అమెరికాలో మొదటి మెట్టు అయిన టెక్నీషియన్ అయితే ఎచ్‌ఎఫ్‌లో (30 మెగాహెర్ట్జ్ లోపు) ఆయన గొంతుతో మాట్లాడగలిగేది 28.3 నుంచి 28.5 మెగాహెర్ట్జ్ మధ్యే. అప్పుడు అంతా సూర్యుడి దయ. దాని పై మెట్టు జనరల్ అయితే 14.225 పైన 20 మీటర్లు కూడా దొరుకుతుంది. ఆయన దగ్గర ఒకే దిశకు గురిపెట్టే బీమ్ యాంటెన్నా ఉంటే ఆ లాభం మీ 5 వాట్లకీ వర్తిస్తుంది, వినేటప్పుడు కూడా అది అంతే పనిచేస్తుంది కాబట్టి.

మీ వైపు నుంచి డబ్బు పెట్టాల్సింది తీగ మీద. 20 మీటర్ల బ్యాండ్‌కి 10 మీటర్ల పొడవున్న డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపిన తీగ యాంటెన్నా), వీలైనంత ఎత్తులో. లిఫ్ట్ మోటారుకీ ఇన్వర్టర్లకీ దూరంగా కట్టండి, అపార్ట్‌మెంట్లలో నాయిస్ మన అసలు శత్రువు. మన హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్ రూపొందించిన యూబిట్‌ఎక్స్ సెట్టు మీ దగ్గర ఉంటే, 28 మెగాహెర్ట్జ్‌లో దాని పవర్ బాగా తగ్గుతుందని గుర్తుంచుకోండి.

వేళ విషయానికొస్తే, 10 మీటర్లకి మన సాయంత్రం 6 నుంచి 8, అప్పుడు అక్కడ పొద్దున. 20 మీటర్లకి అదే వేళ, లేదా మన తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడు. ముందు ఎఫ్‌టీ8తో (కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపే పద్ధతి) 28.074 మీద ఒకరినొకరు పట్టుకోండి, నాయిస్‌లో మునిగిపోయిన సిగ్నల్‌ని కూడా అది చదువుతుంది. అందులో సిగ్నల్ బలం చూపే రిపోర్టు సున్నా దాటి ప్లస్‌లోకి వచ్చిన రోజున వెంటనే గొంతుతో మాట్లాడే ఎస్‌ఎస్‌బీకి మారి అన్నయ్యని పిలవండి.