పాత రేట్ల షీటుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా బాబు బీకాం రెండో సంవత్సరం. ఆరు నెలలుగా జపాన్ యెన్‌కీ మన రూపాయికీ మధ్య మారకం రేటు ఏ ఏడాది ఎంతుందో ఎక్సెల్‌లో ఎక్కిస్తూ కూర్చుంటున్నాడు. 1949 నుంచి మొదలుపెట్టాడు. ఎందుకురా అంటే ‘ఫారెక్స్‌లో కెరీర్ ఉందమ్మా’ అంటాడు. ఫారెక్స్ అంటే ఫోన్‌లో యాప్ పెట్టుకుని డబ్బులు పోగొట్టుకోవడమేనని విన్నాం. టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా? వాడి షీటు జతచేశాను.

జవాబు: మాన్పించకండమ్మా. యాప్ వైపు వెళ్తే మాత్రం ఆపండి. ఫారెక్స్ (విదేశీ మారకం) అన్న పేరు ఒకటే గానీ యాప్‌లో ట్రేడింగూ, ఆ రంగంలో ఉద్యోగమూ వేరు. అనుమతి లేని ఫారెక్స్ ప్లాట్‌ఫామ్‌ల పేర్లు రిజర్వ్ బ్యాంక్ తన వెబ్‌సైట్‌లో అలర్ట్ లిస్టుగా పెట్టింది. వాటిలో ట్రేడ్ చేస్తే విదేశీ మారకం చట్టమైన ఫెమా కింద చిక్కుల్లో పడతారు. ఇది మీ బాబుకి ఒక్కసారి గట్టిగా చెప్పండి, చాలు.

ఇక షీటు. తెరిచి చూశాను. 1966 వరుస దగ్గర కళ్లు ఆగిపోయాయి. అంతవరకూ రూపాయికి 75.6 యెన్లున్నది ఒక్కసారిగా 48కి పడింది. ఆ గడికి ఎర్ర రంగు వేసి పక్కన ‘తప్పా?’ అని రాసుకున్నాడు. తప్పు కాదు. 1949లో డాలర్‌కి 360 యెన్లని జపాన్ రేటు కట్టేశారు. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి మన రూపాయి డాలర్‌కి 4.76. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే ఆ 75.6 వస్తుంది. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించి డాలర్‌కి 7.50 చేసింది. అప్పుడు యెన్ ఉన్నచోటే ఉంది, కదిలింది మనమే.

నన్నడిగితే మీ బాబు కెరీర్ ఆ ‘తప్పా?’ అన్న మాటలోనే ఉంది. అంకెలు దింపుకోవడం ఎవరైనా చేస్తారు. ఏ అంకె ఎందుకు దూకిందో, రెండు కరెన్సీల్లో కదిలింది ఏదో అడిగేవాళ్లే తక్కువ. ఇంటర్వ్యూలో ‘రేపు యెన్ ఎంతుంటుంది?’ అని అడిగితే ఠక్కున అంకె చెప్పేవాడి కంటే ‘1985లో ఏం జరిగిందో చెప్తాను’ అనేవాడిమీద నాకు నమ్మకం.

1985నే తీసుకోండి. ఆ సెప్టెంబర్‌లో డాలర్ విలువ తగ్గించాలని అమెరికా, జపాన్ సహా ఐదు దేశాలు చేసుకున్న ప్లాజా ఒప్పందం జరిగేనాటికి 100 యెన్లు సుమారు 5 రూపాయలు. 1995 ఏప్రిల్‌కి యెన్ బాగా బలపడి డాలర్‌కి 80 దరిదాపుల్లోకి వచ్చింది. ఈలోపు 1991 జులైలో మన రూపాయి విలువ రెండు విడతల్లో తగ్గింది. దాంతో అవే 100 యెన్లు 39 రూపాయల దాకా వెళ్లాయి. మొదట్లో తక్కువ వడ్డీ అని యెన్లలో అప్పు తీసుకున్నవాళ్ల సంగతి ఊహించుకోండి. ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ రైలుకి జపాన్ ఇస్తున్న అప్పుకి వడ్డీ 0.1 శాతమే, గడువు 50 ఏళ్లు. వినగానే ఎగిరి గంతేయాలనిపిస్తుంది. కానీ తీర్చాల్సింది యెన్లలో. ఆ యాభై ఏళ్లలో రేటు ఎటు పోతుందన్నదే అసలు లెక్క. ఇలాంటి లెక్కలు చూసుకోవడానికే మనుషులు కావాలి.

అలాగని యెన్ ఎప్పుడూ పెరుగుతుందనీ కాదు. 2011 అక్టోబర్‌లో 100 యెన్లు 65 రూపాయల దగ్గర ఉంటే 2024 జులైలో 52 దగ్గరకి దిగాయి. ఆ మధ్యకాలంలో డాలర్ 49 రూపాయల నుంచి 83 దాటింది. ‘రూపాయి పడుతూనే ఉంది’ అనే మాట ఏ కరెన్సీ ముందు నిలబెట్టి అంటున్నామన్నదాన్ని బట్టి నిజమో కాదో తేలుతుంది.

ఉద్యోగాల సంగతికొస్తే, బ్యాంకుల ట్రెజరీలో, అంటే కరెన్సీలు కొని అమ్మే విభాగంలో, డీలర్ కుర్చీ డిగ్రీ అవ్వగానే దొరకడం కష్టం. మిడ్ ఆఫీస్‌లో రిస్కు లెక్కలు చూసే పనితోనో, కుదిరిన లావాదేవీల చెల్లింపులు పూర్తిచేసే బ్యాక్ ఆఫీస్ సెటిల్‌మెంట్‌తోనో మొదలుపెట్టొచ్చు. జపాన్‌తో లావాదేవీలున్న కంపెనీల ఫైనాన్స్ విభాగాల్లోనూ ఈ పని ఉంటుంది. బీకాం చదువుతూనే ఎన్‌ఐఎస్‌ఎం (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెక్యూరిటీస్ మార్కెట్స్) వాళ్ల కరెన్సీ డెరివేటివ్స్ పరీక్ష రాసుకోవచ్చు. దానివల్ల ఉద్యోగం రాదు, భాష వస్తుంది. మీ బాబు మనసు ‘ఎందుకు’ వైపే లాగుతుంటే ఎకనామిక్స్‌లో పీజీ చేయనివ్వండి. అది ఉంటే రిజర్వ్ బ్యాంక్ పరిశోధన విభాగంలో ఆఫీసర్ పోస్టులకీ, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్‌కీ పోటీపడొచ్చు. నా ఓటు దీనికే. జపనీస్ కూడా కొంచెం నేర్చుకుంటే ఎక్కడికీ పోదు.

బాబూ, ఇది నీకు. షీటులో రెండు లోపాలున్నాయి. 1985 తర్వాత ఏడాది సగటు వేశావు కాబట్టి 1995 ఏప్రిల్ శిఖరం నీ గ్రాఫులో కనబడట్లేదు. వాటిని నెలవారీగా మార్చు. రెండోది, 2018 జులై నుంచి మన రిఫరెన్స్ రేటు (రోజూ వెలువడే ప్రామాణిక రేటు) ప్రకటించేది ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ, అంతకుముందు రిజర్వ్ బ్యాంక్. ఆ రేటునీ, కౌంటర్‌లో నోట్లకి ఇచ్చే రేటునీ ఒకే కాలమ్‌లో కలిపేశావు. విడదీసి, ఏది ఎక్కడ దొరికిందో పక్కన రాయి. 1966 గడికి ఎర్ర రంగు అలాగే ఉంచు. ‘తప్పా?’ కొట్టేసి, అక్కడ ఏం జరిగిందో నీ మాటల్లో మూడు వాక్యాలు రాసి షీటు మళ్లీ పంపు.