మీ ప్రశ్న - మా జవాబు: కనబడని సింహం

ప్రశ్న: టీవీలో నమీబియా దేశపు ఎటోషా పార్కు నీటిగుంట చూపించారు. ఒడ్డున సింహాలు పడుకుని ఉంటే, కాస్త ఎడంగా జీబ్రాలు నీళ్లు తాగుతున్నాయి. వాటికి భయం లేదా? - ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: భయం లేక కాదు, దాహం ఆగక. ఎండాకాలంలో అక్కడ వేరే నీరు దొరకదు, జీబ్రాకేమో ఇంచుమించు రోజూ నీళ్లు పడాలి. ఇక సింహం సంగతి. గంటకు 55-60 కిలోమీటర్ల వేగం అందుకున్నా ఆ ఊపు కొన్ని క్షణాలే. జీబ్రా అంతకంటే జోరుగా, అంతకంటే ఎక్కువసేపు పరిగెడుతుంది. కాబట్టి సింహం నక్కి నక్కి 30 మీటర్ల లోపుకి చేరితేనే ఆశ. ఎదురుగా పడుకున్న సింహం ఎక్కడుందో మందంతటికీ తెలుసు. మన కాలవ గట్టున కొంగ జపం చేసేదీ ఇందుకే: కదిలిందా, చేప లోతుకు జారిపోతుంది.

ఈసారి జిరాఫీని గమనించండి. ముందుకాళ్లు రెండూ బాగా ఎడం చేస్తే గానీ దాని మూతి నీటికి అందదు. అలా వంగి ఉండగా సింహం వస్తే, కాళ్లు కూడదీసుకుని లేచేలోపే మీద పడుతుంది. అందుకే గుంట దాకా వచ్చి కూడా చాలాసేపు చుట్టూ చూస్తుంది. వంగబోయి, చటుక్కున లేచి, మళ్లీ చూస్తుంది. ఒడ్డున పొదలుంటే ఈ తంతు మరీ ఎక్కువ.

రాత్రి లెక్క మారిపోతుంది. సింహాలు వేటాడేది ఎక్కువగా చీకట్లోనే, వెన్నెల లేకపోతే మరీ మంచిది. అయినా ఎక్కువసార్లు వేట తప్పిపోతుంది. అన్నట్టు, మొసలి జీబ్రాను లాక్కుపోయే దృశ్యాలు తూర్పు ఆఫ్రికాలోని మారా లాంటి నదులవి. ఆ గుంటలకు అంటగట్టకండి.

ప్రశ్న: మా చేపల చెరువు గట్టున పిల్లి అడుగులు పడుతున్నాయి, మామూలు పిల్లివాటి కంటే పెద్దవి. ఏం చేయాలి? - ఒక రైతు, తాళ్లరేవు

జవాబు: కోరింగ మడ అడవి పక్కనే కదా, బావురు పిల్లి (నీటిలో చేపలు పట్టి తినే అడవి పిల్లి) కావచ్చు. ఒంటి నిండా మచ్చలు, పొట్టి తోక. ఉచ్చు, విషం జోలికి పోవద్దు. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. గట్టు వార నీరు లోతు లేనిచోట కూర్చుని పంజా విసురుతుంది కాబట్టి అంచులు పూడుకుపోకుండా లోతు చేయించండి. చచ్చిన చేపల్ని గట్టున పారేయకుండా సాయంత్రంలోపే పూడ్చండి, ఆ వాసనకే ముందు వస్తుంది. పట్టుబడి బాగా తగ్గిందంటే మాత్రం ఒక్క పిల్లి మీద నింద వేయకండి. పగలు నీటికాకుల గుంపును, తెల్లవారుజామున నీటికుక్కలను కూడా కనిపెట్టి చూడండి.