పక్కింటి ట్రక్కు మీద ఆ ఎర్ర జెండా ఏంటి?

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో అట్లాంటాకి ఉత్తరాన కమ్మింగ్, ఆల్ఫారెటా వైపు కొత్తగా దిగినవాళ్లు తరచూ అడుగుతుంటారు: "అన్నా, పక్కింటాయన పికప్ ట్రక్కుకి ఎర్ర జెండా ఉంది, దాని మీద ఇంటూ మార్కులా నీలం పట్టీలు, వాటిల్లో తెల్ల నక్షత్రాలు. మనకేమైనా టెన్షనా?"

మీకు పెద్దగా ఉండదు. కానీ అదేంటో తెలుసుకోండి. దాన్ని కాన్ఫెడరేట్ జెండా అంటారు. బానిసత్వాన్ని నిలబెట్టుకోడానికి అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం 1861-65 అంతర్యుద్ధంలో పట్టుకున్న జెండా అది. ఓడిపోయాక చాలాకాలం స్మారక సభల్లో, సమాధుల దగ్గరే ఎక్కువగా కనపడేది. 1948లో నల్లవాళ్లకి సమాన హక్కులు వద్దంటూ డెమోక్రాట్లలోంచి చీలిన డిక్సీక్రాట్ల సభల్లో మళ్లీ ఎగిరింది. బడుల్లో నల్ల, తెల్ల పిల్లల్ని వేరు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1954లో, జార్జియా ఆ గుర్తును తన రాష్ట్ర జెండాలోకి ఎక్కించింది 1956లో. ఇంకేం చెప్పాలి?

మీ పక్కింటాయన "మా తాతల గుర్తు" అంటాడు. నిజంగానే అంతే అనుకుంటూ ఉండొచ్చు, అందరూ విషం నింపుకుని తిరగరు. కానీ కమ్మింగ్ ఉన్న ఈ ఫోర్సైత్ కౌంటీ సంగతే తీసుకోండి, 1912లో ఇక్కడి నల్ల కుటుంబాలన్నిటినీ తరిమేశారు, 1987 జనవరిలో జాతి వివక్ష వద్దంటూ కొందరు శాంతియుతంగా ఊరేగింపు తీస్తే తెల్ల జాత్యహంకారులు ఇవే జెండాలు పట్టుకుని వచ్చి రాళ్లేశారు, మరుసటి వారం దాదాపు 20 వేల మంది మళ్లీ నడిచారు. ఇవాళ మనం దోసెపిండి కొనుక్కునే ఊరు ఇదే! 2015లో చార్లెస్టన్ చర్చిలో 9 మంది నల్లవాళ్లను చంపినవాడి ఫొటోల్లో ఇదే జెండా కనపడింది, దాంతో సౌత్ కరోలినా అసెంబ్లీ ఆవరణలోంచి దించేశారు, ఆ చట్టం మీద సంతకం పెట్టింది మన పంజాబీ మూలాలున్న అప్పటి గవర్నర్ నిక్కీ హేలీ.

విచిత్రం ఏంటంటే, లైసెన్సు ఆఫీసు దగ్గర ఎగిరే ఇప్పటి జార్జియా జెండా, 2003లో పెట్టుకున్నది, ఆ విడిపోయిన రాష్ట్రాల మొదటి జాతీయ జెండాకి దాదాపు జిరాక్సు. రాష్ట్ర ముద్ర చేర్చారంతే. గుర్తుపట్టేవాళ్లే తక్కువ కాబట్టి గొడవా తక్కువే.

పక్కింటాయనతో వాదన పెట్టుకోకండి, సొంత స్థలంలో ఎగరేసుకునే హక్కు ఆయనకుంది. బాగుంది కదా అని గ్యాస్ స్టేషన్లో ఆ బొమ్మ టోపీ మాత్రం కొనకండి, ఆఫీసులో నల్ల సహోద్యోగి మిమ్మల్ని ఏమనుకుంటాడో ఆలోచించండి.

మన స్వస్తిక్‌దీ ఇలాంటి చిక్కే. అది మనకి శుభమే, కానీ 1945 తర్వాత ఇక్కడ దాన్ని చూస్తే చాలామందికి గుర్తొచ్చేది హిట్లరే. గృహప్రవేశానికి లోపలి గుమ్మం మీద నిక్షేపంగా వేసుకోండి, యూదుల కుటుంబం పక్కనే ఉంటే ముందే వెళ్లి రెండు ముక్కల్లో చెప్పండి. కొత్త కారు పూజకైతే బానెట్ మీద ఓం రాయించండి, పంతులుగారు ఏమీ అనుకోరు.