వీస్ఫియర్ 7 నుంచి 8కి: కీ సంగతి తర్వాత, ముందు ఆ మెయిల్ ఐడీ ఎవరిదో చూడండి

అడిగిన ప్రశ్న ఇది: "మా ఆఫీసులో మూడు సర్వర్ల మీద వీఎంవేర్ వీస్ఫియర్ 7 నడుస్తోంది. అప్పట్లో డబ్బు కట్టి కొన్న శాశ్వత లైసెన్సు. 8కి వెళ్ళాలంటే పాత కీ సరిపోతుందా, మళ్ళీ కొనాలా?" (వీస్ఫియర్ అంటే ఒక్క సర్వర్ మీద చాలా కంప్యూటర్లు ఉన్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్, కీ అంటే దాని లైసెన్సు నంబరు.)

సరిపోదు. 6.5 నుంచి 6.7కి పోతే పాత కీయే నడిచేది గానీ, మొదటి అంకె మారితే కీ మారాల్సిందే. ఇదివరకు సపోర్టు కాంట్రాక్టు ఉన్నవాళ్ళు వీఎంవేర్ పోర్టల్ (లైసెన్సులు చూసుకునే వెబ్‌సైటు) లోకి వెళ్ళి, అదనంగా ఏమీ కట్టకుండా పాత కీ ఇచ్చి కొత్త కీ తీసుకునేవాళ్ళు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొంది. ఆ డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం, వాటి సపోర్టు రెన్యువల్ రెండూ ఆపేశారు. కాబట్టి మీ కాంట్రాక్టు బతికి ఉండగా ఎవరైనా 8 కీ తీసి పెట్టారా లేదా అన్నదే అసలు సంగతి. తీసి ఉంటే మీరు అదృష్టవంతులు. లేదంటే కోర్ల (సీపీయూ లోపల లెక్కలు చేసే భాగాల) లెక్కన సబ్‌స్క్రిప్షన్, అంటే గడువున్న చందా, కొనాలి. 7 మీ దగ్గర 7గానే ఎన్నాళ్ళయినా నడుస్తుంది, కానీ దాని మామూలు సపోర్టు 2025 అక్టోబరు 2తో అయిపోయింది.

ఇక్కడితో మీ ప్రశ్న అయిపోయింది. ఇది చెప్పడానికైతే నేను ఇంత రాయనక్కర్లేదు. మీ కీ ఏ మెయిల్ ఐడీ కింద ఉందో మీకు తెలుసా? ఈ ప్రశ్న నేను పదిమందిని అడిగి ఉంటాను, టక్కున చెప్పినవాడు ఒక్కడూ లేడు. రాయగడ నుంచి బరంపురం దాకా ఏ ఆఫీసు సర్వర్ రూము తలుపు తట్టినా ఇదే కథ అని నా నమ్మకం.

నాది రాయగడ. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సర్వర్ రూములో ఇంగ్లీషు. ఒక ఫ్యాక్టరీలో సిస్టమ్స్ చూస్తాను. మూడు హోస్టులు (అంటే వీస్ఫియర్ నడిచే సర్వర్లు), ఒక్కోదానికి రెండు సీపీయూలు. లారీ కాటా సాఫ్ట్‌వేర్, జీతాల లెక్క, హాజరు మిషను, అన్నీ వాటి మీదే. 2022లో మాది 6.7. దానికి అక్టోబరు 15తో సపోర్టు అయిపోతుందని ముందే తెలుసు కాబట్టి దసరా సెలవుల్లో 7కి మార్చేద్దాం అనుకున్నాం. భువనేశ్వర్ నుంచి డీలరు తరఫున ఒక కుర్రాడు వచ్చాడు. (విశాఖకు మేము పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రాగలం. అయినా మా అకౌంట్స్ వాళ్ళకు ఒడిశా బిల్లే కావాలి. వేరే రాష్ట్రంలో కొని ఐజీఎస్టీ కట్టినా, మన రాష్ట్రంలో కొని సీజీఎస్టీ ఎస్‌జీఎస్టీ విడివిడిగా కట్టినా తిరిగొచ్చే క్రెడిట్ ఒకటేనయ్యా అంటే వినరు. కుర్రాడు ఒక రాత్రంతా రైల్లో వచ్చి సగం నిద్రలో పని మొదలెడతాడు.)

పని మాత్రం బాగానే చేశాడు. ముందు వీసెంటర్ (హోస్టులన్నిటినీ ఒకచోట నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్), తర్వాత హోస్టులు, ఒక్కొక్కటిగా. మధ్యలో ఒక హోస్టులో పాత నెట్‌వర్క్ కార్డు కనబడకుండా పోయింది. 7లో పాత లైనక్స్ తరహా డ్రైవర్లు (ఇలాంటి కార్డుల్ని నడిపే ప్రోగ్రాములు) పూర్తిగా తీసేశారు కదా, దాని దెబ్బ. స్పేర్ కార్డుంటే పెట్టాం. కొత్త కీ ఏదీ అని అడిగితే, "ఇవాల్యుయేషన్ గడువు 60 రోజులుంది సార్, అప్పటిదాకా కీ లేకుండా నడుస్తుంది, తర్వాత చూద్దాం. హెబ, హెబ" అన్నాడు. అంటే 'అవుతుంది' అని. ఒడియాలో ఈ మాట రెండుసార్లు అన్నారంటే ఆ పని అవ్వదని లెక్క.

దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. నవంబరు సగంలో వీసెంటర్ తెరిస్తే పైన లైసెన్సు హెచ్చరిక. పాత కీ వేసి చూశాను, తీసుకోలేదు. గడువు దాటితే ఏమవుతుందో తెలుసా? నడుస్తున్న వర్చువల్ మిషన్లు (సర్వర్ లోపల నడిచే ఆ కంప్యూటర్లు) నడుస్తూనే ఉంటాయి. హోస్టులు మాత్రం వీసెంటర్ నుంచి విడిపోతాయి, ఒకసారి ఆగిన మిషను మళ్ళీ లేవదు. కరెంటు పోని ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఇది చిన్న విషయమే. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మాకు రెండు రోజులు కరెంటు లేదు, యూపీఎస్ ఎప్పుడో చచ్చిపోయింది. అలాంటిది డిసెంబరులో జరిగి కాటా మిషను లేవకపోతే గేటు బయట లారీల వరస ఎంత పొడుగుంటుందో తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

సపోర్టు మాకుంది, ఆ డిసెంబరు దాకా. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అలా అయింది. పోర్టల్ ఖాతా మా పాత ఇన్‌ఛార్జి గారి సొంత మెయిల్ మీద ఉంది. కొన్నప్పుడు కంపెనీకి సొంత మెయిలే లేదట. డీలరును అడిగితే అప్పటి మనిషి మానేశాడు, కాగితాలు దొరకడం లేదన్నారు. ఆ ఇన్‌ఛార్జి పెద్దాయన రిటైరై పర్లాకిమిడిలో ఉంటున్నారు. నాలుగు రోజులు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆదివారం గుణుపురం మీదుగా బస్సెక్కాను.

ఇంటికెళ్తే వాళ్ళావిడ తలుపు తీశారు. "ఏటి బాబూ, ఇంత దూరం ఒచ్చేవు? ఆరికి చెవి సరిగ్గా వినబడదు, ఫోన్ తియ్యరు" అన్నారు. జంతికలు, టీ వచ్చాయి. పెద్దాయన నన్ను గుర్తుపట్టి ముందు అడిగింది కాటా ఎలా ఉందనే. సంగతి చెప్పగానే లేచి బీరువాలోంచి పాత డైరీ తీశారు. అందులో అన్నీ ఉన్నాయి! సర్వర్ల సీరియల్ నంబర్లు, డీలరు ఫోను, పాస్‌వర్డ్ గుర్తులు. అన్నీ తెలుగు మాటలే, లిపి మాత్రం ఒడియా. ఆయన చదువంతా ఒడియా మీడియమే మరి. పర్లాకిమిడి అంటే గిడుగు రామమూర్తి గారు పిల్లలకు పాఠాలు చెప్పిన ఊరు, 1936లో ఒడిశాలో కలిసింది. మా తరం సగం మందికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. "మా అమ్మ పుట్టిన ఊరు, వెనక మొదటి జీతం" అని ఒకచోట రాసుంది. అది చదివి ఆయనే గట్టిగా నవ్వారు.

పాస్‌వర్డ్ రెండోసారికి పడింది. ఓటీపీ మాత్రం వాళ్ళావిడ ఫోనుకు వెళ్ళింది. ఆవిడ పెరట్లోంచి అంకెలు చదివి చెప్పారు. పోర్టల్లో 6 కీ ఎంచుకుని, ఆరు సీపీయూలు అని పెడితే కాసేపటికి 7 కీ మెయిల్లో వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, వీసెంటర్‌కు వేరే కీ ఉంటుందని. ఇది చాలామంది మరిచిపోతారు, మీరు మరిచిపోకండి. అదీ తీశాం. రాయగడలో మా అసిస్టెంటుకు ఫోన్లో చదివి చెబితే ఎం, ఎన్ తారుమారు చేశాడు, మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. 25 అక్షరాలు ఫోన్లో చెప్పే పని ఎవరికీ రాకూడదు. చివరికి వాట్సాప్‌లో పంపాను. లైసెన్సింగ్ పేజీలో కీ చేర్చి, హోస్టులకూ వీసెంటర్‌కూ కేటాయించడం అయిదు నిమిషాల పని. గడువుకు ఇంకా ఆరు రోజులుంది.

ఇప్పుడు మీ సంగతి. కీ దొరక్కపోతే సబ్‌స్క్రిప్షన్ ధర అడిగేముందు మీ సీపీయూలో ఎన్ని కోర్లున్నాయో చూసుకోండి. సీపీయూకు కనీసం 16 కోర్లు లెక్క వేస్తారు. మీవీ ఒక్కో సర్వరుకు రెండేసి పాత 10 కోర్ల సీపీయూలనుకోండి, మూడు సర్వర్లకు ఉన్నవి 60, డబ్బు కట్టేది 96కి. ఆ లెక్క చూశాకే మా మేనేజరు గారు ప్రాక్స్‌మాక్స్ (వీస్ఫియర్‌కు బదులు వాడుకునే సాఫ్ట్‌వేర్) అనే పేరు నేర్చుకున్నారు. ఒక పాత సర్వరు మీద వేసి చూశాం. ఈఎస్‌ఎక్స్‌ఐ (హోస్టుల మీద నడిచే వీస్ఫియర్ భాగం) నుంచి మిషన్లను నేరుగా లాక్కునే సదుపాయం అందులో ఉంది, హాజరు మిషను ఒక్క రాత్రిలో వచ్చేసింది. కాటాను కదపడానికి నాకే ధైర్యం చాలలేదు. ఇలా పరీక్షించి చూసే ఓపిక లేని మేనేజరైతే 8కే డబ్బు కట్టించండి, దాని సపోర్టు 2027 అక్టోబరు దాకా ఉంది.

మెయిల్ ఐడీ కంపెనీ పేరు మీదకు మార్చుకున్నావా అని మీరు నన్ను అడగొచ్చు. మారుద్దామనే ఉంది. 2024 మే నెలలో పాత పోర్టల్ మూసేసి ఖాతాలన్నీ బ్రాడ్‌కామ్ పోర్టల్‌కు తరలించినప్పుడు మళ్ళీ లాగిన్ అవ్వాల్సి వచ్చింది. నేను బటన్ నొక్కిన నిమిషానికే పర్లాకిమిడి నుంచి ఫోను: "బాబూ, మళ్ళీ నంబరొచ్చింది, రాసుకుంటావా?"