దుకాణం మూసి ఆన్‌లైన్‌కు మారాలా?

ప్రశ్న: నాకు బట్టల దుకాణం ఉంది. కొనుగోలుదారులు ఆన్‌లైన్ వైపు మళ్లుతున్నందున, అద్దె భారం లేని ఆ వ్యాపారానికే పూర్తిగా మారిపోవడం మంచిదా?

జవాబు: అద్దె తప్పుతుందన్న ఒక్క కారణంతో దుకాణం మూయవద్దని నా గట్టి సలహా. ఆన్‌లైన్‌లో అద్దె స్థానంలోకి ప్రకటనల ఖర్చు, అమ్మకపు వేదికకు చెల్లించే కమీషన్, ప్యాకింగ్, రవాణా వచ్చి చేరతాయి. పైగా బట్టల వ్యాపారంలో వాపసుల బెడద ఎక్కువ. కొలత కుదరకో, రంగు తెరపై కనిపించినట్టు లేకో తిరిగి వచ్చిన ప్రతి వస్త్రానికీ రానుపోను రవాణా ఖర్చుతో పాటు, దాన్ని పరిశీలించి, మడతపెట్టి, మళ్లీ అమ్మకానికి సిద్ధం చేసే శ్రమ కూడా మీదే అవుతుంది. మీ దుకాణంలోనైతే అద్దం ముందు నిమిషంలో తేలిపోయే విషయమది.

1995లో ఆన్‌లైన్‌లో పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టిన అమెజాన్, 2015లో సియాటిల్‌లో సొంత పుస్తక దుకాణం తెరిచింది. అలాంటి దుకాణాలను మూసివేస్తున్నట్టు 2022లో ప్రకటించినా, 2017లో కొన్న హోల్ ఫుడ్స్ ఆహార దుకాణాలను మాత్రం నడుపుతూనే ఉంది. పుస్తకం ఎక్కడ కొన్నా ఒకటే గాని, పండ్లను చూసి ఏరుకోవాలనుకునేవారు చాలామంది ఉంటారు. బట్టలు ఈ రెండో కోవకే దగ్గరని నా అభిప్రాయం.

కనుక దుకాణాన్ని కొనసాగిస్తూనే, కొలతల పేచీ లేని దుప్పట్లు, తువ్వాళ్ల వంటివి ముందు ఆన్‌లైన్‌లో పెట్టండి. రెండు చోట్లకూ సరుకు లెక్క ఒకటే ఉంచండి. లేకపోతే అమ్ముడైపోయిన వస్తువుకు మళ్లీ ఆర్డరు తీసుకునే ఇబ్బంది వస్తుంది. కొన్ని నెలలపాటు వాపసులు పోను మిగిలిన లాభాన్ని విడిగా రాసుకున్నాకే తదుపరి నిర్ణయం తీసుకోండి.